టాల్‌స్టాయ్ నవల పాటల నాటకమైతే: ‘గ్రేట్ కామెట్’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

లియో టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ని స్టేజీ మీద పాడతారంటే చదివినవాళ్లు నమ్మరు, చదవనివాళ్లు భయపడతారు. నాటకాలు వేసే మిత్రులు, రష్యన్ నవలలంటే ప్రాణం పెట్టే పాఠకులు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. పెద్ద నవలను మ్యూజికల్‌గా మలచడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. అందుకే ఎక్కువగా ఈ ఒక్క నాటకాన్నే పట్టుకుని మాట్లాడుతున్నాను.

ఈ నాటకం ఏమిటి? ఎవరు రాశారు?

పూర్తి పేరు ‘నటాషా, పియేర్ అండ్ ది గ్రేట్ కామెట్ ఆఫ్ 1812’. కామెట్ అంటే తోకచుక్క. అమెరికన్ సంగీతకారుడు డేవ్ మలోయ్ కథనం, పాటలు, బాణీలు, వాద్యాల అమరిక అన్నీ తానే చేసుకున్నాడు. దర్శకురాలు రేచల్ చావ్‌కిన్. 2012 అక్టోబరులో న్యూయార్క్‌లోని ఆర్స్ నోవా అనే సంస్థలో, వంద సీట్లు కూడా లేని హాల్లో మొదలైంది. మరుసటి ఏడాది దీనికోసమే ఒక గుడారం వేసి, ప్రేక్షకులను భోజనం బల్లల దగ్గర కూర్చోబెట్టి, వాళ్ల మధ్యలోనే ఆడారు. 2016 నవంబరు 14న న్యూయార్క్ పెద్ద నాటకశాలల పేట బ్రాడ్‌వేలోని ఇంపీరియల్ థియేటర్‌కి చేరింది. మొదట్లో పియేర్ వేషం మలోయే కట్టాడు. బ్రాడ్‌వేలో గాయకుడు జోష్ గ్రోబన్ కట్టాడు. నటాషాగా తొలుత ఫిలిపా సూ, బ్రాడ్‌వేలో డెనే బెంటన్.

పన్నెండు వందల పేజీల నవల రెండున్నర గంటల్లో ఎలా ఇమిడింది?

ఇమడలేదు. ఇమిడ్చే ప్రయత్నమే చేయలేదు. మొత్తం పనికి ఆయువుపట్టు ఇదే.

నవలలో నాలుగు సంపుటాలు, చివర రెండు భాగాల ఉపసంహారం. మలోయ్ అందులోంచి రెండో సంపుటం ఐదో భాగాన్ని మాత్రమే తీసుకున్నాడు. పుస్తకంలో అది దాదాపు 70 పేజీలు. ముందున్న ఆస్టర్లిట్జ్ యుద్ధం లేదు, వెనకొచ్చే బొరొదినో లేదు, మాస్కో తగలబడటం లేదు, నెపోలియన్ లేడు. ఒక అమ్మాయి మాస్కోకి వస్తుంది, కొద్ది రోజుల్లో ఆమె బతుకు తలకిందులవుతుంది, ఒక మనిషి ఆమెతో రెండు మంచి మాటలు మాట్లాడి బయటికొచ్చి ఆకాశంలోకి చూస్తాడు. అంతే కథ.

పెద్ద నవల చేతికి రాగానే మనలో చాలామంది చేసే పని సంక్షిప్తం. ప్రతి ముఖ్య సంఘటనకూ ఒక చిన్న సీను, ప్రతి సీనుకూ ఒక పాట. చివరికి మిగిలేది విషయసూచిక. నేను రాసిన తొలి నాటకంలో సరిగ్గా ఇదే తప్పు చేశాను. ప్రేక్షకులు మర్యాదగా చప్పట్లు కొట్టారు గాని, ఒక్క పాత్ర కూడా ఎవరికీ గుర్తులేదు. నవలలో మనిషి మనసు మలుపు తిరిగే చోటు ఒకటి వెతికి, అక్కడ గుడారం వేసుకుని కూర్చోవాలి.

నవల చదవలేదు. ఆ భాగం కథ కాస్త చెప్తారా?

నటాషా రోస్తొవాకి ప్రిన్స్ అంద్రేయ్ బొల్కోన్‌స్కీతో నిశ్చితార్థం అయింది. కానీ అంద్రేయ్ తండ్రి ఏడాది ఆగమన్నాడు, అబ్బాయి దూరదేశంలో ఉన్నాడు. ఆ ఎదురుచూపులో ఆమె మాస్కో వచ్చి, పెద్దదిక్కయిన మార్యా ద్మిత్రియెవ్నా ఇంట్లో దిగుతుంది. వెంట అక్క వరస సోన్యా. కాబోయే మామగారింటికి వెళితే, ఆ ముసలాయన రాత్రిపూట వేసుకునే గౌనుతో, టోపీతో ముందుకొచ్చి అవమానిస్తాడు. గాయపడ్డ మనసుతో ఒపేరాకి వెళితే అక్కడ అనతోల్ కురాగిన్ కనిపిస్తాడు. అందగాడు, తేరగా బతికేవాడు, గుట్టుగా అంతకుముందే పెళ్లయినవాడు. అతని అక్క హెలెన్ దగ్గరుండి ఆ అమ్మాయిని వలలోకి నెడుతుంది. లేచిపోవడానికి ముహూర్తం పెట్టుకుంటారు. సోన్యా ఉత్తరం చూస్తుంది, మార్యా ద్మిత్రియెవ్నా తలుపులు వేయిస్తుంది, ప్రయాణం ఆగిపోతుంది. నటాషా విషం తాగుతుంది, బతుకుతుంది. హెలెన్ భర్త పియేర్ బెజుఖోవ్, తన బతుకు తనకే వెగటైపోయి తాగుతూ చదువుతూ కాలం గడిపే మనిషి, ఈ చిక్కుముడిని విప్పడానికి వస్తాడు.

ఆ రష్యన్ పేర్లు ప్రేక్షకుడికి ఎలా గుర్తుంటాయి?

రష్యన్ నవల ఎత్తినవాళ్లందరికీ ఎదురయ్యే గోడ ఇది. ఒకే మనిషికి అసలు పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ముద్దుపేరు, పైన బిరుదు. మలోయ్ ఈ ఇబ్బందిని దాచకుండా దాని మీదే మొదటి పాట కట్టాడు. ఒక్కొక్క పాత్రా వచ్చి తన గురించి ఒక్క ముక్క చెబుతుంది. తర్వాతి పాత్ర రాగానే ముందువాళ్లందరి ముక్కలూ మళ్లీ మొదటినుంచి వల్లిస్తారు. గొలుసు పెరుగుతూ పోతుంది. పాట అయ్యేసరికి సోన్యా మంచిది, నటాషా చిన్నపిల్ల, అనతోల్ రసికుడు అని హాలంతటికీ కంఠతా వచ్చేస్తుంది. అన్నిటికంటే ముందు చెప్పే మాట, అంద్రేయ్ ఇక్కడ లేడని. ఆ లేకపోవడమే కథను నడిపిస్తుంది కాబట్టి పాట కూడా అక్కడే మొదలవుతుంది.

మనకిది కొత్త కాదు. భామాకలాపంలో సత్యభామ తెర వెనకనుంచి జడ చూపించి, ప్రవేశ దరువులో నేనెవరో తెలుసా అని తానే చెప్పుకుంటుంది. పాత్ర తన పరిచయం తానే పాడుకోవడం మన వేదికకు పుట్టుకతో వచ్చిన విద్య. రష్యన్ నవలను తెలుగులో పాడదలచుకున్నవాళ్లకు సగం పని అక్కడే అయిపోయింది.

పాత్రలు తమ గురించి తామే ‘ఆమె’, ‘అతను’ అని పాడతాయట. అదేం పద్ధతి?

నాకు ఈ నాటకంలో అన్నిటికంటే నచ్చినది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నవలను నాటకం చేసేటప్పుడు మామూలుగా సంభాషణలు ఉంచి కథనం కొట్టేస్తాం. కానీ టాల్‌స్టాయ్ గొప్పతనం కథనంలో ఉంది. మనిషి పైకి ఒకటి అంటూ లోపల ఇంకొకటి అనుకుంటున్న క్షణాన్ని ఆయన చెప్పినట్టు మరొకరు చెప్పలేరు. ఆ కంఠం తీసేస్తే మిగిలేది ఒక మోసపోయిన అమ్మాయి కథ, అలాంటివి వందలున్నాయి. మలోయ్ ఆ కథనాన్ని పాత్రల నోటే పాడించాడు. పాత్ర నడుస్తూ ‘ఆమె ఎర్రబడింది’ అని పాడుతుంది, వెంటనే తన మాట తాను అంటుంది. మనిషి లోపలా ఉన్నాడు, తనను తాను బయటినుంచీ చూసుకుంటున్నాడు. లూయీస్, ఐల్మర్ మాడ్ దంపతుల పాత ఇంగ్లీషు అనువాదంలోని వాక్యాలు చాలాచోట్ల దాదాపు అలాగే పాటల్లోకి వచ్చాయి. అంత్యప్రాసల కోసం వెంపరలాడలేదు. వచనం వచనంలాగే ఉంటూ రాగం ఎక్కింది.

ఒక చిన్న చోటు చూడండి. నటాషా లేచిపోబోతోందని సోన్యాకి అర్థమైంది. నవలలో ఆమె చీకటి నడవలో నిలబడి ఆలోచిస్తుంది: ఈ కుటుంబం తనకు చేసిన మేలు మరవలేదని, నటాషా అన్న నికొలాయ్‌ని ప్రేమిస్తున్నానని నిరూపించుకోవలసిన సమయం ఇదే, మూడు రాత్రులు నిద్ర లేకపోయినా సరే ఇక్కడినుంచి కదలను, బలవంతంగానైనా ఆపుతాను. ఇదంతా ఒక అధ్యాయం చివర ఒకే ఒక్క పేరా. చదువుతూ దాటిపోతాం. నాటకంలో అదే ఒక పూర్తి పాట. గోల చేసే సంగీతమంతా ఆగిపోయి, ఒక అమ్మాయి ఒంటరిగా, గొంతు పెద్దగా పెంచకుండా పాడుతుంది. మలోయ్ ఇక్కడ బరువును కొంచెం పక్కకు జరిపాడు. కుటుంబం పట్ల కృతజ్ఞత వెనక్కి వెళ్లింది, స్నేహం ముందుకొచ్చింది. నిన్నటిదాకా ఒకే మంచం మీద కబుర్లు చెప్పుకున్న మనిషి ఇవాళ తనను శత్రువులా చూస్తుంటే కలిగే బాధ అది. నవలలో సోన్యాకి దక్కని న్యాయం ఆ నాలుగు నిమిషాల్లో దక్కిందని నా నమ్మకం.

అంటే మొత్తం పాటేనా? మాటలే లేవా?

ఒక్క చోట తప్ప. మొదటినుంచి అందరూ పాడుతూనే ఉంటారు, ఉత్తరాలు కూడా పాడతారు. చివరికి నటాషా అన్నీ పోగొట్టుకుని, తన జీవితం ముగిసిపోయిందని అంటుంది. అప్పుడు పియేర్ పాట ఆపి, మామూలు గొంతుతో మాట్లాడతాడు. నేను నేను కాకుండా, లోకంలోకెల్లా అందగాణ్ణి, తెలివైనవాణ్ణి, ఉత్తముణ్ణి అయివుండి, నాకు స్వేచ్ఛ కూడా ఉంటే, ఈ క్షణమే మోకాళ్ల మీద కూర్చుని నన్ను పెళ్లాడమని, ప్రేమించమని మిమ్మల్ని అడిగేవాణ్ణి అంటాడు. టాల్‌స్టాయ్ రాసిన మాటే.

రెండు గంటలు పాటే మాట అనుకుని అలవాటుపడ్డ చెవికి, ఆ మామూలు గొంతు పిడుగులా తగులుతుంది. మాటల మధ్య పాట పెట్టడం మనకు తెలుసు. పాటల మధ్య ఒక్క మాట దాచుకోవడం నేర్చుకోవలసిన విద్య. నాటకం పేరులోనే నటాషా, పియేర్ ఇద్దరూ ఉన్నా, నాటకంలో అప్పటిదాకా వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నదే లేదని గుర్తుపెట్టుకోండి.

సంగీతం రష్యన్‌దేనా?

కొంత. అకార్డియన్, తీగవాద్యాలు, బృందగానంలో జానపద వాసన, దానికి పక్కనే క్లబ్బుల్లో వినిపించే ఎలక్ట్రానిక్ దరువు, రాక్, పియానో. ఎవరి లోకాన్ని బట్టి వాళ్ల సంగీతం. నటాషా పాటల్లో వెన్నెల, అనతోల్ వచ్చినప్పుడు కరెంటు. నటులే వాద్యాలు పట్టుకుని ప్రేక్షకుల మధ్య తిరుగుతూ వాయిస్తారు. పియేర్ పియానో దగ్గరా, అకార్డియన్‌తోనూ కనిపిస్తాడు.

1812లో ఎలక్ట్రానిక్ సంగీతం ఏమిటండీ? తప్పు కాదా?

కాలానికి తగ్గ సంగీతం అనే పట్టుదల నాకూ ఉండేది. ఒపేరా సీను దాన్ని వదిలించింది.

నవలలో నటాషా ఒపేరాకి వెళ్లినప్పుడు టాల్‌స్టాయ్ ఒక చిత్రమైన పని చేస్తాడు. కథ చెప్పడు. అట్టమీద వేసిన చెట్లు, బిగుతు లాగులు తొడుక్కుని చేతులు చాపి పాడుతున్న లావుపాటి మనిషి, నేలలోని కన్నంలోంచి మాయమయ్యే ఇంకొకడు. ఆ కళ ఎన్నడూ చూడని మనిషి కళ్లతో చూసినట్టు రాస్తాడు. 1917లో విమర్శకుడు విక్తర్ ష్క్లోవ్‌స్కీ ‘అపరిచితీకరణ’ అనే తన సిద్ధాంతానికి ఈ సీనునే ఒక ఉదాహరణగా చూపించాడు. పల్లె నుంచి వచ్చిన నటాషాకి మొదట అదంతా వింతగా, సిగ్గుగా ఉంటుంది. చుట్టూ అందరూ మెచ్చుకుంటుంటే, మెల్లగా ఆ వింతే సహజమైపోతుంది. అదే మత్తులో అనతోల్ కూడా సహజమైపోతాడు.

ఇప్పుడు ఆ ఒపేరాని 1811 నాటి శ్రావ్యమైన సంగీతంతో వాయిస్తే ప్రేక్షకుడికి అందంగా ఉంటుందే గాని వింతగా ఉండదు. అందుకని మలోయ్ దాన్ని కర్ణకఠోరంగా, అర్థంకాని ధ్వనులతో కట్టాడు. నటాషాకి ఎలా వినిపించిందో మనకూ అలాగే వినిపిస్తుంది. కాలానికి అబద్ధమైనా రచయిత ఉద్దేశానికి నిజం.

స్టేజీ గురించి చాలా గొప్పగా చెప్తారు. ఏముంది అందులో?

మలోయ్ మాస్కోలో ఒక చిన్న హోటల్‌కి వెళ్లాడు. ఇరుకు గది, బల్లలు ఒకదానికొకటి ఆనుకుని, వోడ్కా, రొట్టె, మధ్యలో వాద్యకారులు, తాళం వేయడానికి అతిథుల చేతుల్లో గిలక్కాయలు. నాటకానికి ఆ గదే నమూనా. రంగాలంకరణ చేసిన మిమీ లియెన్ బ్రాడ్‌వే థియేటర్‌ని లోపలినుంచి విప్పేసి, ఎర్ర మఖమల్ తెరలు, గోడల నిండా పటాలు, దారులు మెట్లు వంకలు తిరుగుతూ హాలంతా పాకేలా కట్టింది. స్టేజీ మీద కూడా ప్రేక్షకులే. నటులు వాళ్ల పక్కన కూర్చుంటారు, చేతికి ఉత్తరం ఇచ్చి ముందుకు అందించమంటారు. బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులకు 12 విభాగాల్లో పోటీకి నిలిచి, గెలిచినవి రెండు: లియెన్ రంగాలంకరణకు ఒకటి, బ్రాడ్లీ కింగ్ దీపాలకు ఒకటి.

నవల చదివేటప్పుడు పాత్రలు మన ఇంట్లోనే తిరుగుతున్నట్టు ఉంటుంది కదా, వారాల తరబడి వాళ్లతోనే బతుకుతాం. ఆ దగ్గరితనానికి ఇది వేదిక మీది రూపం అని నాకనిపిస్తుంది.

నవలలో లేనివి ఏమైనా పెట్టారా?

పెట్టారు. పియేర్‌కీ అనతోల్ స్నేహితుడు దోలొఖోవ్‌కీ మధ్య తుపాకుల ద్వంద్వయుద్ధం నవలలో చాలా ముందు, 1806లో జరుగుతుంది. దాన్ని ఇక్కడికి లాక్కొచ్చారు. లేకపోతే మొదటి అంకంలో పియేర్ కూర్చుని తాగడం తప్ప చేసేదేమీ ఉండదు. బ్రాడ్‌వేకి వెళ్లేటప్పుడు పియేర్‌కి ఒక పెద్ద ఏకాంతగీతం కొత్తగా రాశారు. నటాషా తండ్రి కౌంట్ రోస్తొవ్ మాస్కో ప్రయాణంలో ఉండాల్సినవాడు, నాటకంలో లేడు. బ్రాడ్‌వేలో ముసలి బొల్కోన్‌స్కీనీ అంద్రేయ్‌నీ ఒకే నటుడు వేశాడు. నటాషాను క్షమించలేనని కొడుకు అన్నప్పుడు తండ్రి మొహమే కనిపిస్తుంది.

ఇంకొకటి, బలగా. నవలలో రెండు మూడు పేజీల్లో వచ్చిపోయే మూడు గుర్రాల బండి తోలేవాడు. రెండో అంకంలో అతని రాకతో హాలంతా జాతరైపోతుంది. ఆ గోల మధ్యలో అనతోల్ అందరినీ ఆపి, కూర్చోమంటాడు. ప్రయాణానికి ముందు ఒక్క క్షణం మౌనంగా కూర్చోవడం రష్యన్ల ఆచారం, నవలలోనే ఉంది. ఒకమ్మాయి జీవితం నాశనం చేయడానికి బయల్దేరుతూ వాళ్లు శాస్త్రోక్తంగా కూర్చునే ఆ నిశ్శబ్దం నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇలా కోస్తే టాల్‌స్టాయ్‌కి అన్యాయం కాదా?

చరిత్ర గురించి ఆయన వాదన అంతా పోయింది. రష్యన్ సేనాపతి కుతూజోవ్ లేడు, పియేర్‌కి బతుకు నేర్పిన రైతు సైనికుడు ప్లతోన్ కరతాయెవ్ లేడు. ఈ నష్టం చిన్నది కాదు. అదంతా కావాలనుకున్నవాళ్లకి సెర్గేయ్ ప్రోకోఫియెవ్ ఒపేరా ఉంది. 1941లో జర్మన్లు సోవియట్ దేశం మీద పడిన ఏడాది మొదలుపెట్టి, మీరా మెండెల్‌సన్‌తో కలిసి పాఠం రాసుకుని, 13 దృశ్యాల్లో శాంతినీ యుద్ధాన్నీ రెండింటినీ కట్టాడు. దాదాపు నాలుగు గంటలు. గొప్ప పని, కానీ దానికి ఒక దేశపు ఒపేరా సంస్థ మొత్తం కావాలి.

అంత బాగుంటే బ్రాడ్‌వేలో ఎందుకు ఆగిపోయింది?

2017 జులైలో జోష్ గ్రోబన్ వెళ్లిపోయాక టికెట్లు తగ్గాయి. అతని తర్వాత పియేర్ వేస్తున్న నల్లజాతి నటుడు ఒకీరియెటె ఒనవొదోవన్‌ని గడువుకు ముందే తప్పించి, పేరున్న తెల్లజాతి నటుడు మాండీ పటిన్‌కిన్‌ని తెస్తామని నిర్మాతలు ప్రకటించారు. విమర్శలు వెల్లువెత్తాయి, పటిన్‌కిన్ తప్పుకున్నాడు. 336 ప్రదర్శనల తర్వాత సెప్టెంబరు 3న తెర పడింది. రష్యన్ నవలలకు బ్రాడ్‌వేలో అచ్చిరావడం తక్కువే: 1992లో ‘అన్నా కరేనినా’ 46 ప్రదర్శనలు, 2015లో ‘డాక్టర్ జివాగో’ 23. కానీ ‘గ్రేట్ కామెట్’ అక్కడితో ఆగలేదు. 2024 డిసెంబరులో లండన్‌లోని డోన్‌మార్ వేర్‌హౌస్‌లో, చిన్న హాల్లో మళ్లీ లేచింది. దాని సొంతిల్లు చిన్న హాలే.

మేమూ ఒక రష్యన్ నవలను పాటల నాటకం చేయొచ్చా? హక్కుల సంగతేమిటి?

టాల్‌స్టాయ్ 1910లో, దొస్తొయెవ్‌స్కీ 1881లో పోయారు. వాళ్ల మూలాలు ఎవరైనా వాడుకోవచ్చు. పొరపాటు జరిగేది అనువాదం దగ్గర. భారత చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లు హక్కులుంటాయి, అనువాదకుడూ రచయితే. మాస్కోలో కూర్చుని మనకు రష్యన్ సాహిత్యాన్ని అందించిన ఉప్పల లక్ష్మణరావు 1985లో, రాచమల్లు రామచంద్రారెడ్డి 1988లో కన్నుమూశారు. ఆ తరం తెలుగు అనువాదాల వాక్యాలు అనుమతి లేకుండా పాటల్లో పెట్టుకోకూడదు. రష్యన్ నుంచి స్వయంగా అనువదించుకోండి, రాకపోతే కాలం తీరిన ఇంగ్లీషు అనువాదాన్ని ఆధారం చేసుకోండి. ‘గ్రేట్ కామెట్’నే తెలుగులో ఆడాలంటే మాత్రం అది వేరే, దానికి లైసెన్సు తీసుకోవాల్సిందే.

ఏ నవల, ఎక్కడినుంచి మొదలుపెట్టమంటారు?

నవలలో పాట అప్పటికే వినిపిస్తున్న చోటు వెతకండి. నన్ను అడిగితే దొస్తొయెవ్‌స్కీ ‘నేరము–శిక్ష’ ఐదో భాగం. చనిపోయిన తాగుబోతు మర్మెలాదోవ్ పేరున భార్య కతెరీనా ఇవానొవ్నా భోజనాలు పెడుతుంది. చేతిలో చిల్లిగవ్వ లేదు, అయినా పరువు కోసం పెడుతుంది. రావాల్సినవాళ్లు రారు, వచ్చినవాళ్లు ఎగతాళి చేస్తారు. కథానాయకుడు రస్కోల్నికోవ్ చెల్లెల్ని పెళ్లాడబోయి కాదనిపించుకున్న లూజిన్ వచ్చి, మర్మెలాదోవ్ కూతురు సోన్యా మీద వంద రూబుళ్ల దొంగతనం మోపుతాడు, అది అబద్ధమని అందరిముందూ బయటపడుతుంది. ఆ తర్వాత ఇల్లు పోయి, మతి చలించి, కతెరీనా పిల్లల్ని వీధిలోకి తీసుకెళ్లి, వేపుడు మూకుడు వాయిస్తూ వాళ్లచేత పాడిస్తుంది, ఆడిస్తుంది. రస్కోల్నికోవ్ గొడ్డలితో చేసిన హత్యల ఊసు లేకుండానే నాటకం ఉంది. వాద్యం కూడా దొస్తొయెవ్‌స్కీయే చేతికిచ్చాడు, ఆ మూకుడు.

ఆ తోకచుక్క నిజంగా కనిపించిందా?

కనిపించింది. 1811 మార్చిలో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు ఒనొరే ఫ్లోజెర్గ్ దాన్ని మొదట గుర్తించాడు. మామూలు కంటికి దాదాపు 260 రోజులు కనబడింది. నవలలో టాల్‌స్టాయ్ దాన్ని 1812 చలిరాత్రి మాస్కో మీద నిలబెట్టాడు. అరిష్టమని, లోకం అంతమైపోతుందని జనం అనుకుంటున్న ఆ చుక్కను పియేర్ తడికళ్లతో, సంతోషంగా చూస్తాడు. కొత్తగా చిగురిస్తున్న తన మనసుకు అది జవాబులా ఉంటుంది.

అలాంటి చూపు తెలుగులోనూ ఒకరికి ఉంది. టాల్‌స్టాయ్ పోయిన 1910లోనే హేలీ తోకచుక్క వచ్చింది. ఊరంతా భయపడుతుంటే గురజాడ ‘ముత్యాల సరాలు’లో దాన్ని సంఘ సంస్కరణ ప్రయాణానికి పతాకగా చూశాడు. నాటకం చివర హాల్లో దీపాలన్నీ మెల్లగా తగ్గి, పైనున్న పెద్ద షాండిలియర్ ఒక్కటే తెల్లగా వెలుగుతూ ఉంటుంది. పియేర్ తలెత్తి దానివైపు చూస్తూ ఉంటాడు.